అడుగుట ఒక యెత్తు, బదులిచ్చుట ఒక యెత్తు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము పనిదినములలో ప్రతినిత్యము ప్రచురించు 'ఫెడరల్ రిజిస్టర్' అను రాజపత్రమును తిరుగవేయు వానికి, అలాస్కా చెంత బేరింగు సముద్రమున రాబోవు సంవత్సరమున ఇన్ని టన్నుల పొల్లాక్ చేపలను మాత్రమే పట్టవలెనను ప్రతిపాదన యొకనాడును, నేరస్థలమున దొరకిన వేలిముద్రను గూర్చి నిపుణుడు న్యాయస్థానమున ఎట్టి మాటలతో సాక్ష్యము చెప్పవలయునో నిర్ణయింపబూనిన ముసాయిదాను గూర్చిన ప్రకటన మరియొకనాడును కనబడుచుండును. ఈ రెండు విషయములకు నింగికి నేలకు నున్నంత దూరమున్నను, రెండు ప్రకటనల చివరను ఉండు విన్నపము మాత్రము ఒక్కటే: అభ్యంతరములు, సూచనలు గలవారు ఫలానా తేదీలోగా తెలుపవచ్చును. ఈ పిలుపు అధికారులు మర్యాదకు పాటించు తంతు మాత్రమేనా, లేక పాలనావ్యవస్థలో దీనికి నిజమైన బలమేదైన గలదా, కలదేని ఆ బలమెచ్చట నున్నది అను ప్రశ్నను, పరస్పర సంబంధములేని ఈ రెండు రంగములను ఆధారముగా గొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ యాచారము పుట్టుటకు ప్రజాభిప్రాయమునెడ గల ఆదర్శప్రీతియే కారణమనుటకంటె, ప్రభుత్వము తన యుత్తరువులను తానే యెరుగని దుఃస్థితి కారణమనుట సత్యమునకు దగ్గరగా నుండును. ఆర్థికమాంద్యము నెదుర్కొనుటకై 1930వ దశకమున రూజ్వెల్టు ప్రభుత్వము నూతన సంస్థలను పుంఖానుపుంఖముగా నెలకొల్పగా, అవి జారీచేసిన యసంఖ్యాకములగు ఉత్తరువులు ఒకచోట అచ్చుపడు ఏర్పాటు లేక చెల్లాచెదరుగా పడియుండెను. హార్వర్డు న్యాయశాస్త్ర పత్రికలో ఎర్విన్ గ్రిస్వోల్డు 1934లో ఈ యజ్ఞానమును తీవ్రముగా విమర్శించెను. ఆ యేటి చివరనే చమురు వ్యాపారుల వ్యాజ్యమొకటి సుప్రీంకోర్టు విచారణకు రాగా, ఏ నిబంధనను అతిక్రమించితిరని ప్రభుత్వము అభియోగము మోపినదో ఆ నిబంధన సవరణ సమయమున పొరపాటున జారిపోయి అసలు అమలులోనే లేదని తేలెను. ఆ నియమావళి ప్రతిని తాను చూచినది టెక్సాసునకు వచ్చిన యొక ప్రభుత్వోద్యోగి వెనుక జేబులో మాత్రమేనని వ్యాపారుల పక్షమున వాదించిన న్యాయవాది న్యాయమూర్తులకు విన్నవించెను. ఈ యవమానము ఫలితముగా 1935లో శాసనము వెలువడి, 1936 మార్చిలో ఆ రాజపత్రపు తొలి సంచిక ప్రచురితమయ్యెను.

ఉత్తరువును అచ్చువేయుట యొక మెట్టు. దానిని చేయకముందే చూపి అభిప్రాయమడుగుట రెండవ మెట్టు. ట్రూమన్ అధ్యక్షుడు 1946 జూన్ 11వ తేదీన సంతకము చేసిన పాలనా ప్రక్రియా శాసనము ఈ రెండవ మెట్టును కట్టెను. ప్రతిపాదనను ముందుగా ప్రకటింపవలయును; ఆసక్తిగలవారు వ్రాతమూలకముగ తమ వాదమును తెలుపుట కవకాశమీయవలయును; వచ్చినదానిని ఆలోచించిన పిమ్మట, తుదినియమముతోపాటు దాని యాధారమును ప్రయోజనమును సంగ్రహముగ వివరింపవలయును. శాసనము చెప్పిన దింతియే. ఎన్ని దినముల గడువీయవలయునో కూడ అందు లేదు. సాధారణముగా 60 దినములకు తక్కువ కారాదనుమాట 1993 నాటి అధ్యక్షుని యుత్తరువులో వచ్చినది. అయినను, చూచుటకు అల్పముగా గనబడు ఆ మూడవ విధి, అనగా ఆధారమును వివరింపవలయునను విధి, కాలక్రమమున న్యాయస్థానముల చేతిలో పెరిగి, ఈ వ్యవస్థ కంతటికిని వెన్నెముక యయ్యెను.

ఆ పెరుగుదలను గ్రహించుటకు 1977లో రెండవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము తీర్పుచెప్పిన వ్యాజ్యమొకటి చాలును. పొగబెట్టిన చేపలవలన బొట్యులిజమను ప్రాణాంతక విషబాధ కలిగిన సందర్భములు కొన్ని వెలుగులోనికి రాగా, ఆహార ఔషధ పాలనా సంస్థ చేపలజాతు లన్నింటికిని కలిపి ఇంత వేడిమి, ఇంత సేపు, ఇంత ఉప్పు అని ఒకే నియమము విధించెను. తెల్లచేపకు ఆ వేడిమి పెట్టినచో అది అమ్ముటకు పనికిరాకుండ చెడిపోవుననియు, జాతిజాతికి వేరు పద్ధతులు సాధ్యములనియు వ్యాపారులు మొరపెట్టుకొనిరి. సంస్థ ఆ మొరను ఆలకించినదో లేదో తెలియదు. దానికి సమాధానము మాత్రము చెప్పలేదు. తాను నమ్మిన శాస్త్రీయ సమాచారమును సైతము ముందుగా ఎవరికిని చూపలేదు. నోవాస్కోషియా ఫుడ్ ప్రాడక్ట్స్ అను సంస్థపై ఆ నియమమును అమలుజరుప బూనగా, న్యాయస్థానము రెండు సూత్రములను స్థిరపరచెను: నియమమునకు ఆధారమైన శాస్త్రసామగ్రిని దాచియుంచి అభిప్రాయ మడుగుట అడుగుట కాదు, ప్రాణప్రదమైన యభ్యంతరమునకు బదులీయక మౌనము వహించుట ఆలోచించుట కాదు. విషభయము నిజమైనదే యైనను, ఆ వ్యాపారుల తెల్లచేప విషయమున నియమము నిలువలేదు. ప్రజాభిప్రాయసేకరణకు గల బలము అడుగుటలో గాక బదులిచ్చుటలో నున్నదని ఈ తీర్పు చాటుచున్నది. తక్కిన సమీక్షకు దీనినే గీటురాయిగా గ్రహింతుము.

ఇక చేపల కోటాల విషయము. తీరమునుండి 200 నాటికల్ మైళ్లవరకు గల మత్స్యసంపదపై అధికారమును స్థాపించుచు 1976లో వచ్చిన శాసనము, నేడు మాగ్నసన్, స్టీవెన్సు అను సెనేటర్ల పేర వ్యవహరింపబడుచు, ఎనిమిది ప్రాంతీయ మండలులను నెలకొల్పెను. రాష్ట్ర గవర్నరులు సూచించినవారినుండి వాణిజ్యశాఖామాత్యుడు సభ్యులను నియమించును. అందు వేటగాండ్రు, చేపల శుద్ధి వ్యాపారులు, వినోదమునకై వేటాడువారు, రాష్ట్రాధికారులు ఉందురు. మండలి సమావేశములు బహిరంగముగా జరుగును. పడవ నడుపువాడు గాని, నదీతీరగ్రామపు పెద్ద గాని మైకు ముందు కూర్చుండి తనకు కేటాయించిన కొలది నిమిషములలో మాటాడవచ్చును. మండలి తీర్మానించిన ప్రణాళికను జాతీయ సముద్ర మత్స్యసేవాసంస్థ రాజపత్రమున ప్రకటించి తిరిగి అభిప్రాయములను గోరును. కాబట్టి ఈ రంగమున ప్రజ లొకసారి నోటితోను, మరల కలముతోను మాటాడుటకు వీలున్నది.

ఇంత విన్నందున చేపలు మిగిలినవా యన్నచో, తొలి కాలమున మిగులలేదనియే చెప్పవలయును. న్యూ ఇంగ్లండు మండలి, వేటగాండ్ర యసంతృప్తిని మన్నించి, 1982లో కాడ్ మొదలగు అడుగుచేపలపై టన్నుల పరిమితిని ఎత్తివేసి, వలకన్ను కొలత, చేప పొడవు వంటి పరోక్ష నియమములతో సరిపెట్టుకొనెను. వినినవారు చాలకాలము వినిరి. చేపలు మాత్రము తరిగిపోయెను. 1994 డిసెంబరులో జార్జెస్ బ్యాంకను మత్స్యక్షేత్రమున విశాలప్రదేశములను మూసివేయవలసివచ్చెను. ఎదుట కూర్చుండి మాటాడువాని కష్టము కంటికి గనబడును. ఇంకను పుట్టని చేపకు గాని, ఇరువది యేండ్ల తరువాత వేటకు బోవలసిన పిల్లవానికి గాని సభలో స్థానము లేదు. ఈ యనుభవము ననుసరించియే 2006లో కాంగ్రెసు ఆమోదించిన సవరణ ఒక కట్టుదిట్టము చేసెను: శాస్త్రజ్ఞుల సంఘము సిఫారసుచేసిన పరిమితిని మించి ఏ మండలియు వార్షిక కోటాను నిర్ణయింపరాదు. పైకప్పును శాస్త్రము కట్టును. ఆ కప్పుక్రింద ఎవరి వాటా యెంత, ఏ వల, ఏ ఋతువు అను విషయములలో జనవాక్యమునకు చోటుండును. ప్రజాభిప్రాయమును అవమానించుట కిది ప్రయత్నము కాదు. ఏ ప్రశ్నను ఎవరి నడుగవలయునో వేరుపరచిన వివేకమిది.

కప్పుక్రింది వివాదములు చిన్నవి కావు. బేరింగు సముద్రమునను, అల్యూషియన్ దీవుల చెంతను అడుగుచేపల మొత్తము వేట ఏటికి 20 లక్షల టన్నులు మించరాదని హద్దు కలదు. అందు సింహభాగము పొల్లాక్ చేపది. ఆ చేపకై వేసిన పెద్దవలలలో, యూకాన్, కస్కోక్విమ్ నదులకు ఎదురీది వెళ్లవలసిన సాల్మన్ చేపలు అనుద్దిష్టముగా పడి చచ్చుచుండగా, ఆ నదుల యొడ్డున తరతరములుగా సాల్మనును ఎండబెట్టుకొని బ్రతికిన ఆదిమజాతుల గ్రామములవారు మండలి యెదుట ఏండ్ల తరబడి సాక్ష్యము చెప్పిరి. 2011 నుండి అమలైన 91వ సవరణ, పొల్లాక్ పడవలన్నియు గలిసి ఏటికి 60,000కు మించి చినూక్ సాల్మనులను చంపరాదని గరిష్ఠపరిమితి విధించెను. గ్రామములవారు కోరినంత తక్కువ సంఖ్య అది కాదు. పడవ యజమానులు కోరినంత ఎక్కువయు కాదు. కాని యా సంఖ్య ఎందుకు వచ్చినదో, ఎవరి వాదము ఎంతవరకు అంగీకరింపబడినదో, ఎందుకు త్రోసివేయబడినదో చదువుకొనుటకు కాగితమున్నది. ఓడినవాడు తానెందు కోడెనో తెలిసికొనగలుగుట చిన్న లాభము కాదు. మరుసటి పోరాటమునకు అదియే పాదుకొల్పును.

ముందుగా ప్రకటించి అభిప్రాయ మడుగవలయునను నియమమునకు మినహాయింపులును గలవు. కోటా నిండినదని తెలిసిన మరునాడే వేటను ఆపవలసివచ్చినప్పుడు నెల దినములు అభిప్రాయము లడుగుచు కూర్చుండుట చేపలకు చేటగును గనుక, తగిన కారణము చూపి ముందస్తు ప్రకటనను విడిచిపెట్టుటకు శాసనమే అనుమతించుచున్నది. కాని రక్షణకై యుంచిన ఈ ద్వారమునుండియే భక్షణయు ప్రవేశింపగలదు. 2017లో మెక్సికో సింధుశాఖ యందు ఎర్ర స్నాపరు చేపను వినోదమునకై పట్టుకొను ప్రైవేటు పడవలకు ఫెడరల్ జలములలో మూడు దినములే గడువుండగా, వాణిజ్యశాఖ వేసవిలో దానికి మరి 39 దినములు జోడించెను. అందువలన ఆ చేప కోలుకొనుట ఆలస్యమగునని ఆ ప్రకటనయే యొప్పుకొనెను. ముందుగా ప్రజల నడుగలేదని పర్యావరణ సంస్థలు న్యాయస్థానమున కెక్కెను. హెర్రింగు పడవలలో ప్రయాణించు ప్రభుత్వ పరిశీలకుల ఖర్చును, దినమునకు సుమారు 710 డాలర్లను, పడవవాండ్రే భరింపవలయునను నియమముపై పుట్టిన వ్యాజ్యము మరింత దూరము పోయినది. శాసనము అస్పష్టముగ నున్నచోట అధికార సంస్థల వ్యాఖ్యానమునకు న్యాయస్థానములు తలయొగ్గవలయునను 1984 నాటి సిద్ధాంతమును 2024 జూన్‌లో సుప్రీంకోర్టు దాని మూలముగానే కొట్టివేసెను. అధికారి మాటకు సహజసిద్ధముగ నుండిన గౌరవము తగ్గిన కొలది, అతడు చూపు కారణముల గౌరవము పెరుగక తప్పదు.

ఫోరెన్సిక్ ప్రమాణముల రంగమునకు వచ్చునప్పటికి చిత్రము తారుమారగును. చేపల కోటావలన నష్టపోవువాడు తాను నష్టపోవుదునని ముందే యెరుగును. పడవ, అప్పు, సంఘము, న్యాయవాది అతనికి గలవు. వేలిముద్రల పోలికకు గాని, వెండ్రుకల పరీక్షకు గాని ఎట్టి ప్రమాణ ముండవలయునని నేడు అడిగినచో, దానివలన రేపు చెరసాలకు బోవువాడు తా నట్టివాడనని నేడెరుగడు. అతడు అభ్యంతరము పంపజాలడు. అడిగినప్పుడు బదులు పలుకువారు సహజముగా ప్రయోగశాలల నిపుణులు, పోలీసు శాఖలు, ప్రాసిక్యూటర్లు. అనగా ఆ ప్రమాణములను వాడుకొనువారే గాని, వానికి లోబడువారు కారు.

ఈ లోపము ఎంత దారుణమైనదో కొన్ని సంఘటనలు తెలుపును. 2004లో మాడ్రిడ్ రైళ్ల విస్ఫోటనముల యనంతరము, దొరకిన సంచిమీది వేలిముద్ర ఆరెగాన్ రాష్ట్రమందలి యొక న్యాయవాదిదేనని ఎఫ్.బి.ఐ. నిపుణులు నిస్సంశయముగ ప్రకటింపగా, అతడు రెండు వారములు నిర్బంధములో నుండెను. ఆ ముద్ర వేరొకనిదని స్పెయిను పోలీసులు తేల్చిన పిదప సంస్థ క్షమాపణ చెప్పుకొనెను. జాతీయ పరిశోధనా మండలి 2009లో ప్రచురించిన నివేదిక, డి.ఎన్.ఎ. పరీక్ష తప్ప, ఒక యానవాలును ఒకే వ్యక్తికి నిశ్చయముగ ముడిపెట్టగల సామర్థ్యము ఏ ఇతర పద్ధతికిని కఠినపరీక్షలో రుజువు కాలేదని స్పష్టపరచెను. 2015లో వెల్లడియైన పునఃపరిశీలనలో, ఎఫ్.బి.ఐ. నిపుణులు వెండ్రుకల పోలికనుబట్టి నిందితునికి వ్యతిరేకముగ సాక్ష్యము చెప్పిన 268 విచారణలకుగాను నూటికి 95కు మించిన వానిలో శాస్త్రమునకు మీరిన మాటలు పలికిరని తేలెను. మరణశిక్ష పడిన 35 మందిలో 33 మంది విషయమున అట్టి మాటలు చెప్పబడెను. వారిలో తొమ్మండుగురికి అప్పటికే శిక్ష అమలు జరిగియుండెను.

ఈ దోషమును సవరించుటకై న్యాయశాఖ, జాతీయ ప్రమాణముల సాంకేతిక సంస్థ కలిసి 2013లో జాతీయ ఫోరెన్సిక్ శాస్త్ర సంఘము నేర్పరచెను. అందు నిపుణులు, పోలీసులతోపాటు న్యాయమూర్తులకు, ముద్దాయిల పక్షమున వాదించు న్యాయవాదులకు, స్వతంత్ర శాస్త్రజ్ఞులకు స్థానముండుటచే, సభలో లేని ముద్దాయికి ప్రతినిధి దొరకినట్లయ్యెను. దాని ముసాయిదాలపై ప్రజాభిప్రాయములు గోరబడెను. కాని గడువు తీరిన 2017 ఏప్రిల్‌లో న్యాయశాఖ దానిని కొనసాగింపలేదు. 2014లో స్థాపితమైన ఓసాక్ అను మరియొక వ్యవస్థ మాత్రము నిలిచి, రక్తపు మరకలనుండి తుపాకి గుళ్లవరకు గల శాఖలకు ప్రమాణములను పరిశీలించి పట్టికలో చేర్చుచున్నది. ప్రమాణములు వ్రాయు సంఘములు ముసాయిదాలపై అభిప్రాయము లడిగి, ఒక్కొక్కదానికి తమ నిర్ణయమును తెలుపు పద్ధతిని పాటించుచున్నవి. అయితే ఈ ప్రమాణములు స్వచ్ఛందములు. చేపల కోటావలె అతిక్రమించినవానికి జరిమానా లేదు. ప్రయోగశాల స్వీకరించినగాని, న్యాయమూర్తి యడిగినగాని వానికి ప్రాణము రాదు.

ఈ రంగమునను మేలైన యుదాహరణము లేకపోలేదు. న్యాయశాఖ 2016లో తన నిపుణులు సాక్ష్యమునందు వాడవలసిన, వాడగూడని మాటల ముసాయిదాలను ప్రజల ముందుంచినప్పుడు, శాస్త్రజ్ఞులును, అమాయకులను విడిపించుటకు కృషిచేయు సంస్థలును వానిపై విమర్శలు పంపుట కవకాశము చిక్కెను. 2022 అక్టోబరులో ప్రమాణముల సంస్థ దంతక్షతముల పరీక్షను గూర్చిన ముసాయిదా నివేదికను బహిర్గతము చేసి అభిప్రాయములు గోరి, 2023 మార్చిలో తుదిరూపము నిచ్చెను. మనుష్యుని పలువరుస అతనికే ప్రత్యేకమనుట గాని, చర్మముపై దాని యచ్చు యథాతథముగ పడుననుట గాని, ఆ యచ్చునుబట్టి మనుష్యుని గుర్తింపవచ్చుననుట గాని తగిన యాధారము లేని మాటలని ఆ నివేదిక సారాంశము. నియమములు చేయుటకు ఆ సంస్థ కధికారము లేకున్నను, తాను చదివిన పరిశోధనలన్నింటిని ముందుంచి ఏదైన విడిచినచో చూపుడని యడిగెను గనుక, దాని మాటకు అధికారమునకు మించిన గౌరవము గలిగినది.

అభిప్రాయముల సంఖ్యను జూచి మురియువారికి ఒక హెచ్చరిక చేయవలయును. 2017లో సమాచార ప్రసారముల సంఘము ఇంటర్నెట్ సమత్వ నియమములపై అభిప్రాయము లడుగగా సుమారు 2 కోట్ల 20 లక్షలు వచ్చిపడెను. వానిలో దాదాపు 1 కోటి 80 లక్షలు బూటకములని న్యూయార్కు రాష్ట్ర అటార్నీ జనరలు 2021లో ప్రకటించెను. అభ్యంతరము ఓటు కాదు, సాక్ష్యము. ఓట్లను లెక్కింతుము, సాక్ష్యములను తూచుదుము. తెల్లచేప చెడిపోవునని ఒక్క వ్యాపారి ఆధారముతో చెప్పినను దానికి బదులీయవలయును. ఆధారము లేక కోటిమంది యొకే వాక్యమును పంపినను దానికి బదులొక్కటే.

మన దేశమున ఈ ప్రశ్న నూతనము కాదు. 1897 నాటి జనరల్ క్లాజుల శాసనపు 23వ సెక్షను, మాతృశాసనము ముందస్తు ప్రచురణను విధించినచోట, ముసాయిదాను ప్రకటించి వచ్చిన అభ్యంతరములను ఆలోచింపవలయునని చెప్పుచున్నది. కాని బదులీయవలయునని చెప్పలేదు సరిగదా, గెజిట్టున తుదినియమము అచ్చుపడుటయే అది సక్రమముగ చేయబడినదనుటకు తిరుగులేని నిదర్శనమని శాసించి తలుపు మూయుచున్నది. 2014లో కేంద్రము ప్రకటించిన విధానము, ముసాయిదా శాసనములను 30 దినములైనను ప్రజల ముందుంచి, వచ్చిన అభిప్రాయముల సారాంశమును ప్రచురింపవలయునని కోరినది. కాని యది విధానమే గాని శాసనము కాదు. ఫోను సంభాషణ మధ్యలో తెగినచో వినియోగదారునికి రూపాయి చొప్పున పరిహారమీయవలయునను, టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ చేసిన నియమమును 2016 మే నెలలో కొట్టివేయుచు సుప్రీంకోర్టు, 1946 నాటి అమెరికా శాసనమును ప్రస్తావించి, అట్టిదానిని మన పార్లమెంటు కూడ చేయుట మంచిదని సూచించెను. ఆ సూచన సూచనగానే యున్నది.

తెలుగువారికి సుపరిచితమైన ప్రజాభిప్రాయ సేకరణ, 2006 నాటి పర్యావరణ ప్రకటన ననుసరించి కలెక్టరు అధ్యక్షతను జరుగు సభ. ముప్పది దినముల ముందు ప్రకటన, స్థానికభాషలో సంగ్రహము, సభాంతమున వచ్చిన మాటలను ఆ భాషలోనే చదివి వినిపించుట అందు విధింపబడినవి. ఇంతమంది రావలయునను నియమము మాత్రము లేదు. అడుగుటలో ఈ పద్ధతి అమెరికా పద్ధతికంటె ఒక మెట్టు పైననే యున్నది. ఏలయన చదువురానివాడు కూడ లేచి తన నోటితో మాటాడగలడు. భాషను గూర్చిన పట్టుదలయు ఇచట సార్థకమైనది: 2020లో ఆ ప్రకటనను మార్చబూనిన ముసాయిదా ఇంగ్లీషు హిందీలలో మాత్రమే వెలువడగా, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలన్నింటిలోనికి అనువదింపుడని ఢిల్లీ హైకోర్టు ఆదేశించెను. కాని మాటాడినవాని మాట తుదినివేదికలో ఏ పుటలో ఏ సమాధానమును పొందినదో వెదకి తెలిసికొనుట ఆ గ్రామస్థునకు దుస్సాధ్యము.

మన తూర్పుతీరమున చేపలకు టన్నుల కోటా లేదు. దినముల లెక్క గలదు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలకు వేట నిషిద్ధము. మోటారులేని సంప్రదాయపు నావలకు మినహాయింపు గలదు. ఆ దినములే ఏల, అన్ని జాతుల చేపలకు అదియే గ్రుడ్లకాలమా అని విశాఖ, కాకినాడ, నిజాంపట్నము రేవులలోని మత్స్యకారు లడిగినప్పుడు, ఆధారసహితమైన సమాధానము తెలుగులో వ్రాసియిచ్చుట ప్రభుత్వమునకు భారము కాదు. నిషేధమునకు అది బలము. అట్లే, ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్షపడదగు నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలమును దర్శింపవలయునను క్రొత్త సంహిత 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. నిపుణుల సంఖ్యను, ప్రయోగశాలల సంఖ్యను పెంచవలయునని అందరును చెప్పుచున్నారు. ఆ నిపుణుడు ఎంతవరకు నిశ్చయముగ మాటాడవచ్చునో తెలుపు ప్రమాణముల ముసాయిదాలు బహిరంగముగ చర్చింపబడవలయునని చెప్పువారు తక్కువ. అమెరికా వెండ్రుకల నిపుణుల చరిత్ర మనకు ముందుగనే దొరకిన పాఠము.

సమీక్షాంతమున తేలు నంశములు మూడు. శాస్త్రము నిర్ణయింపవలసిన పైకప్పును జనవాక్యమునకు వదలరాదు, పంపకమునందు జనవాక్యమును త్రోసిపుచ్చరాదు. ఇది చేపల పాఠము. మాటాడలేనివాడు నష్టపోవు విషయములలో అభిప్రాయ మడుగుట మాత్రము చాలదు, అతని పక్షమున మాటాడువానికి సభలోనే పీట వేయవలయును. ఇది వేలిముద్రల పాఠము. మూడవది రెండింటికిని మూలము: వచ్చిన ప్రతి ముఖ్యాభ్యంతరమునకు కారణము చూపి వ్రాతపూర్వకముగ బదులీయని ప్రభుత్వము ఎన్ని దినములు గడువిచ్చినను, ఎన్ని లక్షల యుత్తరములు స్వీకరించినను, ప్రజల నడిగినట్లు కాదు. అట్టి బదులును శాసనబద్ధము చేయుటకు మన పార్లమెంటునకు కావలసినది క్రొత్త సిద్ధాంతము కాదు. జనరల్ క్లాజుల శాసనమున కొక చిన్న సవరణము చాలును. అభ్యంతరములను ఆలోచింపవలయునను వాక్యమునకు తరువాత, ఆలోచించిన విధమును తుదినియమముతోపాటు, ఆ నియమమునకు లోబడువారి భాషలో ప్రకటింపవలయునని చేర్చినచో, నేడు గెజిట్టున అచ్చుపడుటయే నిదర్శనమగుచున్న చోట రేపు కారణము నిదర్శనమగును.